సవరణ: జిగ్ రాడ్ గురించి నేను తప్పు రాశాను

పోయిన వారం బాస్ చేపల కోసం గాలానికి కట్టే, బరువైన తలున్న ముల్లు ఎరలైన జిగ్‌ల గురించి రాస్తూ, ఆరున్నర అడుగుల మీడియం రాడ్ ఒక్కటుంటే అన్ని జిగ్‌లకూ చాలన్నాను. అది తప్పు. ఫాస్ట్ యాక్షన్ అంటే బలమైన రాడ్ అని కూడా రాశాను, అదీ తప్పే. నా మాట నమ్మి ఎవరైనా రాడ్ కొనేసి ఉంటే క్షమించండి.

రాడ్ ఎక్కడ వంగుతుందో చెప్పేది యాక్షన్. ఫాస్ట్ అయితే కొస దగ్గరే వంగుతుంది. ఎంత బలం పెడితే వంగుతుందో చెప్పేది పవర్. మీడియం, మీడియం హెవీ, హెవీ అనేవి ఆ పవర్ మెట్లే.

జిగ్‌కి ఆ పవర్ బాగా కావాలి. దాని ముల్లు లావు. పైగా మొద్దులకు తగులుకోకుండా ముల్లు ముందు చీపురు పుల్లల్లాంటి కుచ్చు ఉంటుంది. చేప నోట్లో ఆ కుచ్చు అణిగితే గానీ ముల్లు దిగదు. డాలస్‌కి తూర్పున ఉన్న లేక్ ఫోర్క్‌లో, 1992లో 18.18 పౌండ్ల టెక్సస్ రికార్డు బాస్ దొరికిన చోటే, నాకిది తెలిసొచ్చింది. మునిగిన చెట్ల మధ్య టక్‌మని తగిలింది. గట్టిగా లాగాను. మీడియం రాడ్ విల్లులా వంగి నా ఊపునంతా తనే మింగేసింది, చేప జిగ్‌ని ఉమ్మేసి పోయింది.

కాబట్టి 3/8, 1/2 ఔన్సు జిగ్‌లకు 7 అడుగుల మీడియం హెవీ, ఫాస్ట్ యాక్షన్ తీసుకోండి. దట్టమైన నాచులో వేస్తే హెవీ. రాడ్ ఎంత బరువు ఎరను మోస్తుందో పిడి పైన రాసి ఉంటుంది, అది చూసేటప్పుడు జిగ్ ముల్లుకి గుచ్చే మెత్తటి ప్లాస్టిక్ ఎర (ట్రైలర్) బరువు కూడా కలపండి. సన్న ముల్లున్న చిన్న ఫినెస్ జిగ్‌లకైతే మీడియం రాడ్ సరిపోతుంది.