‘తీరం దాటింది, ఇక భయం లేదు’ అన్న మాటకు ఫ్లోరెన్స్ చెప్పే జవాబు

అమెరికా తూర్పు తీరం వైపు హరికేన్ వస్తోందంటే చాలు, అక్కడి తెలుగు కుటుంబాల ఫోనుల్లో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. “నాలుగో కేటగిరీ అన్నారు, ఒకటికి పడిపోయింది. తీరం కూడా దాటేసింది. మనం సముద్రానికి ఎంతో దూరం. రెండు రోజుల్లో అంతా మామూలే. 2018లో ఫ్లోరెన్స్ అప్పుడూ ఇలాగే భయపెట్టారు” అన్నది దాని సారం. పంపేవారు ధైర్యం చెప్పాలనే పంపుతారు. కానీ ఇందులో నిజమైన మాటలు కూడా మనిషిని తప్పు నిర్ణయానికే తీసుకుపోతాయి. సాక్ష్యానికి ఫ్లోరెన్స్‌ను వాళ్ళే పిలిచారు కనుక, ఆ తుపాను ఏం చేసిందో చూద్దాం.

కేటగిరీ తగ్గిన మాట నిజం. 2018 సెప్టెంబరు 14 ఉదయం నార్త్ కరొలైనాలోని రైట్స్‌విల్ బీచ్ దగ్గర ఫ్లోరెన్స్ తీరం దాటినప్పుడు అది ఒకటో కేటగిరీయే. గాలి వేగం గంటకు సుమారు 150 కిలోమీటర్లు. అయితే ఆ అంకె కొలిచేది గాలిని మాత్రమే. ఈ కేటగిరీలను నిర్ణయించే శాఫిర్–సింప్సన్ కొలమానంలో వానకు చోటు లేదు, ఉప్పెనకు లేదు, తుపాను ఎంత మేర పరుచుకుంది, ఒకే చోట ఎంతసేపు నిలబడుతుంది అన్న వాటికీ లేదు. ఆ ‘ఒకటో కేటగిరీ’ తుపానే, తీరం దాటిన చోటికి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న న్యూ బెర్న్ ఊరి మీదికి సుమారు పదడుగుల నీటిని న్యూస్ నదిలోకి ఎదురు తోసి తెచ్చింది. అక్కడ వందల మందిని పడవల్లో కాపాడాల్సి వచ్చింది. కేటగిరీ పడిపోయిందని ఊపిరి పీల్చుకుని ఇంట్లోనే ఉండిపోయినవారికి ఆ అంకె ఏ విధంగానూ అక్కరకు రాలేదు.

“తీరం దాటేసింది” అన్నది ఈ సందేశంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట. దాటడం వేరు, వెళ్ళిపోవడం వేరు. ఫ్లోరెన్స్‌కు ఉత్తరాన అధిక పీడనం అడ్డు నిలిచింది. తుపానును నడిపించే పైగాలులు బలహీనపడ్డాయి. దాంతో అది ఒక దశలో మనిషి నడిచే వేగంతో, గంటకు నాలుగైదు కిలోమీటర్ల చొప్పున కదిలింది. ఒక ఊరి మీద ఎంత వాన పడుతుందన్నది రెండిటి మీద ఆధారపడుతుంది: వాన ఎంత జోరుగా కురుస్తోంది, ఎంతసేపు కురుస్తోంది. నేల మీదికి వచ్చాక గాలి నీరసించింది గానీ, తుపానులో సగం ఇంకా వెచ్చని అట్లాంటిక్ మీదే ఉండడంతో తేమ అందుతూనే ఉంది. వరుసగా మేఘాల పట్టీలు ఒకే దారిన వచ్చి అవే ఊళ్ళ మీద కురిశాయి. బ్లాడెన్ కౌంటీలోని ఎలిజబెత్‌టౌన్‌లో 35.93 అంగుళాలు, అంటే 912 మిల్లీమీటర్ల వాన నమోదైంది. హైదరాబాద్‌లో ఏడాది పొడవునా కురిసే సగటు వాన కంటే అది ఎక్కువ. 1999లో ఫ్లాయిడ్ తుపాను ఆ రాష్ట్రంలో నెలకొల్పిన రికార్డు 24 అంగుళాలు. ఫ్లోరెన్స్ దాన్ని దాటి దాదాపు మరో అడుగు కురిపించింది.

ఈ పాఠం కోసం మనం అమెరికా దాకా వెళ్ళనక్కర కూడా లేదు. 2024 ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక కళింగపట్నం దగ్గర తీరం దాటింది వాయుగుండమే, దానికి తుపాను అన్న హోదా సైతం లేదు. అక్కడికి వందల కిలోమీటర్ల దూరంలో బుడమేరు పొంగి, విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయింది.

ఇక “మనం సముద్రానికి దూరం.” నార్త్ కరొలైనాలో తీరానికి దూరంగా ఉన్న ర్యాలీ, కేరీ, షార్లెట్ నగరాల్లో తెలుగువారు ఎక్కువ కనుక ఈ మాట త్వరగా నచ్చుతుంది. ఫ్లోరెన్స్ వల్ల నేరుగా మరణించిన 22 మందిలో 17 మందిని బలిగొన్నది వాన తెచ్చిన వరద. షార్లెట్ పక్కనే ఉన్న యూనియన్ కౌంటీలో, సముద్రానికి రెండు వందల కిలోమీటర్ల పైన, రోడ్డు మీదికి వచ్చిన వాగు ఒక కారును పక్కకు లాగేసింది. అందులోని ఏడాది బిడ్డ తల్లి చేతిలోంచి జారి కొట్టుకుపోయింది. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, ఆ సందేశాన్ని ఇంకొకరికి పంపడానికి చేయి రాదు. రెండడుగుల లోతు ప్రవాహం పెద్ద వాహనాలను సైతం ఎత్తుకుపోగలదు. బురదనీటి అడుగున రోడ్డు ఉందో, కోసుకుపోయిందో స్టీరింగ్ ముందు కూర్చున్న వారికి కనిపించదు.

గాలి విషయంలోనూ నిశ్చింత పనికిరాదు. నానిన నేలలో చెట్ల వేళ్ళకు పట్టుండదు, ఓ మాదిరి గాలికే పెద్ద చెట్లు ఇళ్ళ మీద పడతాయి. సెప్టెంబరు 17న, ఫ్లోరెన్స్ పూర్తిగా నీరసించిన తర్వాత, వర్జీనియాలోని చెస్టర్‌ఫీల్డ్ కౌంటీలో దాని అవశేషాల నుంచే పుట్టిన టోర్నడో ఒక భవనాన్ని కూల్చి ఒకరి ప్రాణం తీసింది.

“ఇంటికి ఇన్సూరెన్స్ ఉంది కదా” అని కొందరు తోక తగిలిస్తారు. అమెరికాలో మామూలు గృహ బీమా వరద నష్టాన్ని భరించదు. దానికి విడిగా పాలసీ తీసుకోవాలి. ప్రభుత్వ పథకం కింద తీసుకుంటే సాధారణంగా 30 రోజుల తర్వాతే అది అమల్లోకి వస్తుంది. తుపాను టీవీలో కనిపించాక కొంటే అందదు.

“రెండు రోజుల్లో అంతా మామూలే” అన్నదానికి నదులే సమాధానం. పైన కురిసిన నీరు వాగుల్లోంచి నదిలోకి, నదిలోంచి కిందికి దిగడానికి రోజులు పడుతుంది. కరొలైనా తీర మైదానం పళ్ళెంలా చదునుగా ఉండడంతో నీరు ఇంకా నిదానంగా కదులుతుంది. విల్మింగ్టన్ నగరానికి వెళ్ళే దారులన్నీ మునిగి అది ద్వీపంలా మిగిలింది. ఫేయెట్‌విల్ దగ్గర 35 అడుగులకే వరద మొదలయ్యే కేప్ ఫియర్ నది, తీరం దాటిన అయిదో రోజున 61 అడుగులు మించింది. సౌత్ కరొలైనాలో సెప్టెంబరు 18న, నాలుగు రోజుల తర్వాత, వరదనీటిలో చిక్కుకున్న వ్యాన్‌లోంచి బయటపడలేక ఇద్దరు మహిళలు మునిగిపోయారు. అదే రాష్ట్రంలోని కాన్వేలో వకమా నది గరిష్ఠ మట్టానికి చేరింది సెప్టెంబరు 26న. అంతకుముందు రికార్డు 18 అడుగుల లోపే, ఈసారి 21 అడుగుల పైన. తుపాను తీరం దాటి అప్పటికి పన్నెండు రోజులు.