బ్రోచరు సరే, నీళ్ళ లెక్క చూపించండి బావా

సర్జాపుర రోడ్డు పక్కన రెండెకరాల్లో రెండు వందల ఫ్లాట్లు. కట్టేది బావ, అనంతపురం నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డ బిల్డరు. ప్లాన్ ఇంకా శాంక్షన్‌కి వెళ్ళలేదు కానీ "ప్రకృతి ఒడిలో" అని బ్రోచరు మాత్రం అచ్చయింది. సుజాత ఆయన మరదలు, భవనాలకి నీళ్ళ లైన్లు, డ్రైనేజీ డిజైన్ చేసే ఇంజనీరు.

సుజాత: బావా, బ్రోచరులో చెట్లున్నాయి, బాల్కనీ తోటలున్నాయి, సోలార్ ఉంది. నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయో ఒక్క ముక్క లేదు.

బావ: కావేరి ఐదో దశ వచ్చిందిగా. 2024 అక్టోబరులో మొదలైంది, రోజుకి 77.5 కోట్ల లీటర్లు, 110 గ్రామాలకి. నేడో రేపో మన దాకా వస్తుంది. అందాకా బోరు, ట్యాంకరు. అందరూ చేసేదే.

సుజాత: అందరూ చేసేదే కాబట్టే కదా అదే ఏడాది వేసవిలో బోర్లు ఎండిపోయి, తాగే నీళ్ళతో కారు కడిగితే 5,000 జరిమానా అనాల్సి వచ్చింది! ఈ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, కావేరి నీళ్ళు వంద కిలోమీటర్ల దూరం నుంచి మోటార్లతో ఎక్కించుకుంటూ రావాలి. మీ లెక్కే చూద్దాం. ఇంటికి నలుగురు, మనిషికి రోజుకి 135 లీటర్లు, అదే ప్రమాణం. మొత్తం లక్షా ఎనిమిది వేల లీటర్లు, అంటే 12,000 లీటర్ల ట్యాంకర్లు రోజుకి తొమ్మిది. ఆ 135లో 45 లీటర్లు టాయిలెట్ ఫ్లష్‌కే. శుద్ధి చేసిన నీళ్ళకి వేరే లైను ఇప్పుడే వేస్తే రోజుకి మూడు ట్యాంకర్లు మిగులుతాయి. స్లాబులు పోశాక వేయాలంటే ప్రతి బాత్రూమూ పగలగొట్టాలి. ఈ మాట ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను, అందుకే వెంటపడుతున్నాను.

బావ: ఎస్టీపీ, అదే మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు, కట్టకుండా ఎవరు వదిలేస్తారు? కడతాం, చేతికిస్తాం. ఆర్నెల్లకి అసోసియేషన్ వాళ్ళు కరెంటు బిల్లు చూసి ఆపేస్తారు. వాసన అంటారు. అక్కడ నేనుంటానా? ఇక వాన నీళ్ళంటావు. టెర్రస్ పదివేల చదరపు అడుగులు, ఊళ్ళో ఏడాది వాన సుమారు 970 మిల్లీమీటర్లు. ఒక్క చుక్క పోకుండా పట్టినా తొమ్మిది లక్షల లీటర్లు. నీ లెక్క ప్రకారమే ఎనిమిది రోజులకి సరి!

సుజాత: టెర్రస్ విషయంలో మీ మాట నిజమే. ఎత్తు కట్టిన కొద్దీ పైకప్పు చిన్నది, మనుషులు ఎక్కువ. కానీ రెండెకరాల మీద పడే వాన 78 లక్షల లీటర్లు. అందులో సగం భూమిలోకి దిగినా తక్కువ కాదు. మీరేమో అంచు నుంచి అంచు దాకా రెండు బేస్‌మెంట్లు తవ్వి, ఊరిన నీళ్ళన్నీ పంపుతో డ్రైన్‌లోకి తోడిపోస్తామంటున్నారు. భోవిపాళ్యలో మన్ను వడ్డర్లున్నారు, వాళ్ళు మాట్లాడేదీ ఒక రకం తెలుగే, తరతరాలుగా బావులు తవ్వే చేతులు. ఇంకుడు బావులు తవ్విద్దామంటే మీ ప్లాన్‌లో మట్టి నేలే మిగల్లేదు.

బావ: ఇంకుడు బావులకి పేరు మోసింది ఇదే రోడ్డులోని రెయిన్‌బో డ్రైవ్ లేఅవుట్. 2022 సెప్టెంబరులో వరదొస్తే అక్కడి జనాన్ని ట్రాక్టర్ల మీద బయటికి తీసుకొచ్చారు. ఏమైపోయాయి ఆ బావులు?

సుజాత: బావి వరదని ఆపదు బావా. ఆ లేఅవుట్ లోతట్టున ఉంది, పై నుంచి వచ్చే నీళ్ళకి కాలువ చాల్లేదు. మీ సైటూ దక్షిణంగా రాజకాలువ, అంటే ఊరి వాననీళ్ళు పోయే పెద్ద కాలువ, వైపే వాలి ఉంది. సరిగ్గా అక్కడే బేస్‌మెంట్ ర్యాంపు పెట్టారు.

బావ: ర్యాంపు ఇంకెక్కడ పెట్టను? ఈశాన్యంలో సంపు ఉండాలి. మాస్టర్ బెడ్‌రూమ్ నైరుతిలో లేకపోతే మనవాళ్ళు బయానా కూడా ఇవ్వరు.

సుజాత: ఆ వాస్తే నైరుతి బరువుగా, మూసినట్టు ఉండాలంటుంది కదా! మీరు ఆ గదికి నేల నుంచి సీలింగ్ దాకా అద్దం పెట్టారు. మధ్యాహ్నం ఎండంతా పడేది అక్కడే. పడుకునే గదిని కాల్చి ఏసీతో చల్లార్చడం ఏం డిజైను?

బావ: అద్దం లేకపోతే అమ్ముడుపోదు. నువ్వూ మీ ఆయనా ఫ్లాట్ కొన్నప్పుడు వ్యూ చూశారా, గోడ చూశారా?

సుజాత: మా ఫ్లాట్ సంగతి ఇప్పుడెందుకు?

బావ: ఎందుకంటే కొనేవాడు నీలాంటివాడే. చదరపు అడుగు రేటు, ఈఎంఐ చూస్తాడు. ఈ ఖర్చులన్నీ వాడి నెత్తిన వేసి, పక్కవాడు రెండు వందలు తక్కువకి అమ్ముతుంటే నేను చూస్తూ కూర్చోవాలా?

సుజాత: అద్దం తగ్గించి, గోడ పెంచి, సన్‌షేడ్ వేస్తే ఖర్చు తగ్గేదే గానీ పెరిగేది కాదు. 2018లో ఇళ్ళ గోడల వేడికి ఎకో నివాస్ సంహిత అని కోడ్ వచ్చిందీ ఇందుకే. రెండో లైనుకి అయ్యేది ఖర్చే, ఒప్పుకుంటాను. కానీ ట్యాంకర్ల బిల్లు కట్టేదీ ఆ కొనేవాడే, ఉన్నన్నాళ్ళూ. ఎస్టీపీ ఎందుకు ఆపేస్తారో కూడా చెప్తాను. గాలి ఆడని బేస్‌మెంట్ మూలలో పెట్టి, అన్ని ఫ్లాట్లూ నిండాయన్న లెక్కతో ఒకే పెద్ద ట్యాంకు కడతారు. మొదటి ఏడాది సగం ఇళ్ళు ఖాళీ, మురుగు చాలక బ్యాక్టీరియా బతకదు, వాసనొస్తుంది. రెండు భాగాలుగా కట్టండి, జనం వచ్చిన కొద్దీ రెండోది తెరవండి. అసోసియేషన్‌ని తిట్టడం సులువు, వాళ్ళ చేతికి మీరేమిచ్చారో చూడాలి కదా.

బావ: రెండు లైన్లు వేస్తానులే. ఎస్టీపీ కూడా నువ్వే గీసివ్వు. బేస్‌మెంట్ జోలికి మాత్రం రాకు.

సుజాత: వస్తాను. రెండో బేస్‌మెంట్ మానేసి, మొదటిదాన్ని దక్షిణం అంచు దాకా తవ్వకపోతే ఆ పక్కన మట్టి మిగులుతుంది, నీళ్ళు దిగుతాయి.

బావ: ఇంటికి రెండు కార్లున్నవాడికి ఏం చెప్పను?

సుజాత: అందరికీ రెండు ఉండవు. బుకింగ్ ఫారంలోనే రెండో కారుకి చోటు కావాలా అని అడిగి, దాని ధర విడిగా రాయండి. ఎంతమంది అవునంటారో చూశాకే జేసీబీని పిలవండి.

బావ: వాళ్ళంతా అవునంటే?

సుజాత: అప్పుడు మళ్ళీ మాట్లాడదాం. ముందు అడగండి.