చెడిపోయిన రోజు తేలే ధర

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ ఇళ్లలోకి వచ్చింది. మా అక్క వాళ్లది సింగ్‌నగర్‌లో కింది పోర్షన్. తొడ లోతు నీళ్లు రోజుల తరబడి ఇంట్లోనే నిలిచాయి. నీళ్లు తీశాక బురద ఎత్తిపోయడానికి మేమంతా వెళ్లాం. రెండు రోజులపాటు మాకు ఒకటే పని. ఒక్కో వస్తువూ వీధిలోకి తేవడం, కడగడం, ఉంచాలా పారెయ్యాలా అని తేల్చుకోవడం. పాతికేళ్ల కాపురంలో కొన్నవన్నీ అలా వరసగా ఎండలో పెట్టి చూసినప్పుడు, ఏ డబ్బు నిలిచిందో ఏ డబ్బు కొట్టుకుపోయిందో ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసిపోయింది.

అన్నిటికంటే ముందు పోయింది కొత్త వార్డ్‌రోబ్. అంతకు మూడేళ్ల ముందే 38 వేలు పెట్టి కొన్నారు. పైన టేకు రంగు, లోపల పార్టికల్ బోర్డు. నీళ్లు తాగి ఉబ్బిపోయింది. చేత్తో పట్టుకుంటే రంపప్పొట్టు రాలింది. దాని పక్కనే అక్క పెళ్లికి నాన్న కొనిచ్చిన ఇనుప బీరువా ఉంది. అడుగున తుప్పు పట్టింది, తలుపు బిగుసుకుపోయింది, అంతే. వన్‌టౌన్ నుంచి మనిషిని పిలిపించి తాళం బాగు చేయించి, అడుగు రేకు మార్పించి, రంగు వేయిస్తే 4 వేలైంది. సోఫా, ఫోమ్ పరుపులు చెత్త ట్రాక్టర్ ఎక్కాయి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ కూడా దక్కలేదు. స్టీలు గిన్నెలు వేణ్నీళ్లతో తోమితే, ఇత్తడి బిందెలు చింతపండుతో తోమితే ఎప్పటిలాగే మెరిశాయి. కుక్కర్‌కి గాస్కెట్, సేఫ్టీ వాల్వ్ మార్చాం. రెండూ కలిపి 300 కాలేదు. గ్రైండర్ రాళ్లకు ఏమవుతుంది? మోటారు ఒక్కటి వైండింగ్ షాపులో ఇచ్చి వచ్చాం.

వరద ఏటా రాదు. వరదను మనసులో పెట్టుకుని సామాన్లు కొనమని నేను అనడం లేదు. కానీ మామూలు ఇంట్లో పదిహేనేళ్లలో మెల్లగా జరిగేది అక్కడ వారంలో జరిగింది. బాగు చేయించుకోగలిగినవి చాలావరకు మిగిలాయి. బాగు చేయడానికి వీల్లేనివి పోయాయి. కొన్న వస్తువు గిట్టుబాటైందో లేదో బిల్లు కట్టిన రోజు తెలియదని, అది చెడిపోయిన రోజు తెలుస్తుందని అప్పటి నుంచీ నాకు గట్టి నమ్మకం.

మన దగ్గర కొత్త వస్తువు ఇంటికొస్తే చుట్టుపక్కల వాళ్లు అడిగే మొదటి మాట "ఎంత పడింది?" అని. రెండో మాట "ఎక్కడ తీసుకున్నారు?" అని. "పాడైతే ఎవరు చేస్తారు?" అని అడిగినవాళ్లను నేనింతవరకూ చూడలేదు. దసరాకి, సంక్రాంతికి ఎంజీ రోడ్డు షోరూముల్లో నిలబడి వింటే మాటలన్నీ డిస్కౌంటు చుట్టూ, ఈఎంఐ చుట్టూ తిరుగుతుంటాయి. నెలకు 1,500 అంటే ఎవరికైనా తేలిగ్గానే అనిపిస్తుంది. ఆ వాయిదాలు అయిపోయాక ఆ వస్తువు ఎన్నేళ్లు మన ఇంట్లో ఉంటుందన్న ప్రశ్న అక్కడ ఎవరి నోటా రాదు.

నేనూ అలా కొన్నవాణ్నే. 27 వేలు పెట్టి ఫుల్లీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్ తెచ్చాను. ఐదేళ్లు తిరగ్గానే లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు కాలిపోయింది. మోటారు బాగుంది, డ్రమ్ము బాగుంది. కంపెనీ మనిషి వచ్చి చూసి, ఆ మోడల్ బోర్డులు ఇప్పుడు రావడం లేదు సార్ అన్నాడు. అంటే నాకు ఏడాదికి 5,400 పడింది. గుంటూరు బ్రాడీపేటలో మా అమ్మ వాడుతున్న సెమీ ఆటోమేటిక్ మెషీన్ 9 వేలకు కొన్నది, ఇది పన్నెండో ఏడు. ఈలోగా ఒకసారి టైమరు, ఒకసారి బెల్టు, రెండుసార్లు డ్రెయిన్ పైపు మార్పించింది. అన్నీ కలిపి 2 వేలు. ఏడాదికి వెయ్యి కూడా పడలేదు.

ఈ లెక్క ఇక్కడితో ఆపేస్తే అన్యాయం అవుతుంది. అమ్మ ఇంట్లో ఉంటుంది కాబట్టి తడి బట్టలు ఈ టబ్బులోంచి తీసి ఆ డ్రయ్యర్‌లో వెయ్యగలదు. పొద్దున ఎనిమిదింటికి డ్యూటీకి బయల్దేరే ఆడమనిషికి ఆ ముప్పావు గంట ఎక్కడి నుంచి వస్తుంది? మన ఇళ్లలో ఆ పని ఇంకా ఎక్కువగా ఆడవాళ్ల మీదే ఉంది. ఆ సమయానికి విలువ కడితే ఫుల్లీ ఆటోమేటిక్ మెషీన్ దండగ అని నేను అనలేను. నా కోపం మెషీన్ మీద కాదు. బోర్డు ఒక్కటి దొరక్క, మిగతా అంతా బాగున్న మెషీన్‌ని పాత సామాన్ల వాడికి తూకానికి ఇవ్వాల్సి రావడం మీద.

మనది రిపేర్లు తెలిసిన ఊరు. ఆటోనగర్‌లో లారీని విప్పి, మళ్లీ కట్టి రోడ్డెక్కిస్తారు. కండెన్సర్, బుష్, బేరింగ్, వైండింగ్ లాంటివి మార్చే చిన్న షాపు విజయవాడ, గుంటూరుల్లో పేటకొకటి ఉంటుంది. ఈ చేతిపని ఇంకా బతికి ఉండటం మన ఆస్తి. వస్తువు కొనేటప్పుడు ఆ షాపులో చేయగలిగే రకమా కాదా అని చూసుకుంటే సగం నష్టం తప్పుతుంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో కంపెనీల రిపేరు వివరాలు ఒకచోట చూపే 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెచ్చింది, మంచి పనే. కానీ కొనేవాడు పోర్టల్ చూసి షాపుకు వెళ్లడు. కరెంటు ఎంత కాలుతుందో స్టార్ల లేబుల్ అంటించినట్టే, ఆ మోడల్‌కి విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయో కూడా వస్తువు మీదే అంటించాలి. ఈ ఒక్క లేబుల్ వస్తే షోరూముల్లో మాటలే మారిపోతాయి.

ఇక కరెంటు సంగతి. చెడిపోకముందు కూడా వస్తువు నెలనెలా మన దగ్గర వసూలు చేసేది ఇదే. ఫ్యాన్ తీసుకుందాం. మామూలు సీలింగ్ ఫ్యాన్ సుమారు 75 వాట్లు లాగుతుంది. ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాన్ ఫుల్ స్పీడులో 30 వాట్ల దగ్గర ఆగుతుంది. బెజవాడ ఎండల్లో హాల్లో ఫ్యాన్ రోజుకి 15 గంటలు తిరగడం మామూలే. ఆ తేడా నెలకు 20 యూనిట్లు. ఇక్కడ చాలామంది యూనిట్‌కి ఏదో సగటు ధర వేసి లెక్క కడతారు, అది తప్పు. 2022లో వచ్చిన టారిఫ్ ప్రకారం మన రాష్ట్రంలో 76 నుంచి 125 యూనిట్ల దాకా యూనిట్‌కి 4.50, 126 నుంచి 225 దాకా 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75, ఆపైన 9.75. మిగిల్చిన యూనిట్లు ఎప్పుడూ పై శ్లాబులోంచే తగ్గుతాయి. నెలకు 280 యూనిట్లు కాల్చే ఇంట్లో ఒక్క ఫ్యాన్ మారిస్తే 175 రూపాయలు మిగులుతాయి. 110 యూనిట్ల ఇంట్లో అదే ఫ్యాన్‌కి మిగిలేది 90. రెండు ఫ్యాన్ల ధరలో తేడా 1,400 అనుకుంటే, మొదటి ఇంటికి ఎనిమిది నెలల్లో, రెండో ఇంటికి పదహారు నెలల్లో తిరిగొస్తుంది. చలికాలం రెండు నెలలు తీసేసినా గిట్టుబాటే. పైగా కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద ఎక్కువసేపు తిరుగుతుంది. మే నెల రాత్రి చంటిపిల్ల ఉన్న ఇంట్లో అది చిన్న విషయం కాదు.

అయితే మామూలు ఫ్యాన్ నెమ్మదిస్తే మన ఎలక్ట్రీషియన్ కండెన్సర్ మార్చి 150 తీసుకుని వెళ్లిపోతాడు. బీఎల్‌డీసీ ఫ్యాన్‌లో బోర్డు పోతే మళ్లీ కంపెనీ దగ్గరికే వెళ్లాలి. అందుకే రెండేళ్ల వారంటీ ఉన్నదానికంటే నాలుగైదేళ్ల వారంటీ ఉన్నదానికి మరో 300 ఎక్కువైనా పెడతాను. బిల్లు జాగ్రత్తగా దాచుకుంటాను. వారంటీలో ఉండగా కంపెనీ వాళ్లు మనల్ని తిప్పించుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయడానికి వెనకాడనక్కర్లేదు.

ఏసీ విషయంలో చెప్పేది కొంచెమే. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి కొందామనుకునేవాళ్లు ఉంటారు. రెండు మోడళ్ల లేబుళ్ల మీద ఏడాదికి ఇన్ని యూనిట్లని రాసి ఉంటుంది. ఒకదాన్నుంచి ఒకటి తీసేసి మీ ఇంటి పై శ్లాబు ధరతో గుణించండి. ఆ లేబుల్ లెక్క ఏడాదికి 1,600 గంటల వాడకం మీద వేసింది. రోజూ రాత్రి వేసుకునే గదికి ఐదు స్టార్లు, చుట్టాలొస్తే తప్ప తెరవని గదికి మూడు స్టార్లు చాలు.

వాటర్ ప్యూరిఫయర్ దగ్గర మాత్రం మనం అనవసరంగా నష్టపోతున్నాం. మా ఇంట్లో ఆర్‌ఓ మెషీన్‌కి ఏటా మెయింటెనెన్స్ కాంట్రాక్టు, ఫిల్టర్లు, మెంబ్రేన్ అంటూ కట్టిన డబ్బుతో నాలుగేళ్లలో ఇంకో మెషీన్ వచ్చేది. చివరికి కొన్ని వందలు పెట్టి నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే, పెన్నులాంటి టీడీఎస్ మీటర్ కొని చూస్తే, మా కుళాయిలో వచ్చే కృష్ణా నీళ్లు 260 చూపించాయి. బోరు నీళ్లు 1,100 దాటాయి. తాగునీటికి భారతీయ ప్రమాణం మామూలుగా ఒప్పుకునే హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు. బోరు మీద ఆధారపడే ఇంటికి ఆర్‌ఓ తప్పదు. కుళాయి నీళ్ల టీడీఎస్ ఆ హద్దులో దాదాపు సగమే ఉన్న ఇంట్లో, తాగే నీళ్లకంటే ఎక్కువ నీళ్లు మోరీలోకి వదిలే మెషీన్ ఎందుకు? అలాగని ఏమీ అక్కర్లేదనుకోవడం ప్రమాదం. 2018 మార్చిలో గుంటూరులో కలుషిత నీళ్ల వల్ల అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. క్రిముల్ని చంపే యూవీ మెషీన్ అయినా ఉండాలి, లేకపోతే నీళ్లు మరగబెట్టుకోవాలి. ముందు మీటర్ కొని, తర్వాత మెషీన్ కొనడం సరైన వరస.

నా మాటకు లొంగని వస్తువు ఒకటుంది. గుంటూరులో అమ్మ దగ్గర అమ్మమ్మ నాటి జాడీలు మూడున్నాయి. ఆవకాయకొకటి, పండుమిర్చికొకటి, చింతకాయకొకటి. జాడీకి రిపేరు ఉండదు, పగిలిందంటే పగిలినట్టే. అయినా మా ఇంట్లో కొన్నవాటిలో అంతకంటే గిట్టుబాటైనది లేదు. ప్లాస్టిక్ డబ్బాకి నూనె జిడ్డు, వాసన పట్టి రెండేళ్లకు పచ్చడికి పనికిరాకుండా పోతుంది. జాడీకి ఉప్పూ పులుపూ ఏమీ చెయ్యలేవు. చెడిపోవడానికి అందులో ఏమీ లేదు. పెరట్లో రోలు కూడా అంతే. ఎన్నేళ్లకో ఒకసారి గరుకుగా కక్కు కొట్టిస్తే మళ్లీ పచ్చడి నలుగుతుంది.

అక్క పోయిన దసరాకి వాషింగ్ మెషీన్ కొంది. మొదటి షాపులో అమ్మే కుర్రాణ్ని ధర అడగలేదు. "బాబూ, దీని బోర్డు పోతే ఎంతవుతుంది? మా సింగ్‌నగర్ వచ్చి ఎవరు వేస్తారు?" అని అడిగింది. అతను మేనేజర్‌ని పిలిచాడు. ఆయన, ముందే పాడయ్యే మాటెందుకమ్మా అన్నాడు. అక్క, బావగారు బయటికొచ్చేశారు. రెండో షాపులో ఒక పెద్దాయన సర్వీస్ సెంటర్‌కి అక్కడికక్కడే ఫోన్ చేసి, బోర్డు ధర, అది ఎన్నేళ్లు దొరుకుతుందన్నది కనుక్కుని బిల్లు వెనక పెన్నుతో రాసి సంతకం పెట్టిచ్చాడు. ఆ బిల్లు ఇప్పుడు ఇనుప బీరువాలో, పై అరలో, పట్టుచీరల కింద ఉంది.