"స్పోర్ట్స్ కారు కొనేది పక్కోడు చూడాలనే" అన్న ఫార్వర్డ్‌కి నా సమాధానం

ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది, నాకే నాలుగు గ్రూపుల్లోంచి వచ్చింది, చివరికి మా బావగారు కూడా "ఇది నీ గురించే" అని పంపారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ. స్పోర్ట్స్ కారు కొనేవాడు కారు కొనడు, జనం చూపులు కొనుక్కుంటాడు. ఎప్పటికీ వాడలేని స్పీడుకి డబ్బు తగలేస్తాడు. రెండే సీట్లు, సామాను పట్టదు, అంటే పనికిరాని బండి. ఇదంతా నడివయసులో మగాళ్లకి పట్టే పిచ్చి. ఇవి నడిపేవాళ్లంతా రోడ్డు మీద జనం ప్రాణాలకి ముప్పు. పైగా ఇప్పుడు మామూలు ఎలక్ట్రిక్ ఫ్యామిలీ కారే దీనికన్నా ఫాస్ట్, కాబట్టి వీటి కాలం చెల్లిపోయింది.

నా దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత రెండు సీట్ల కారు ఉంది, పదకొండేళ్లుగా నేనే నడుపుతున్నా, ఆయిల్ మార్చేది నేనే, బ్రేక్ ప్యాడ్లు వేసేది నేనే. అందుకే ఈ మెసేజ్ చూసి ఊరుకోలేకపోయా. ఒక్కో మాటా తీసుకుని చెప్తా, అందులో నిజం ఉన్నచోట ఉందనే ఒప్పుకుంటా.

ముందు ఆ చూపుల సంగతి. అలాంటివాళ్లు లేరని నేననను, హోటల్ ముందు ఆపి ఇంజిన్ రేజ్ చేసి పది మంది తల తిప్పితే గానీ దిగనివాళ్లని నేనూ చూశాను. కానీ ఆ మెసేజ్ రాసినాయన లంబోర్గినీనీ చిన్న మాజ్దా మియాటానీ ఒకే గాటన కట్టేశారు, అక్కడే పప్పులో కాలేశారు. మాజ్దా ఎంఎక్స్-5, అదే మియాటా, 1989లో వచ్చినప్పుడు దాని ఇంజిన్ 1.6 లీటర్లు, పవర్ 115 హార్స్‌పవర్ దగ్గర, అంటే అంతకన్నా ఎక్కువ పవర్ ఉన్న మామూలు ఫ్యామిలీ కార్లు ఇవాళ బోలెడున్నాయి. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా గిన్నిస్ రికార్డు దాని పేరు మీదే ఉంది, 2016లో పది లక్షలో కారు తయారైంది. పది లక్షల మంది నలుగురి కంట్లో పడటానికి ఇంత చిన్న, ఇంత తక్కువ పవర్ బండి ఎంచుకున్నారంటే నమ్ముతారా?

ఇంకా దూరం వెళ్దాం. కాటర్‌హామ్ 170 అని ఒకటుంది, 2021లో వచ్చింది. దానికి సుజుకి మూడు సిలిండర్ల 660 సీసీ టర్బో ఇంజిన్, 84 హార్స్‌పవర్, బరువు 440 కిలోలు. ఆ డిజైన్ మూలం లోటస్ అనే బ్రిటిష్ కంపెనీ 1957లో తెచ్చిన సెవెన్ కారు, లోటస్ ఆపేస్తే 1973 నుంచి కాటర్‌హామ్ వాళ్లు చేస్తున్నారు. దాన్ని కొని వానలో తడుస్తూ, చలిలో వణుకుతూ నడిపేవాళ్లు ఉన్నారు, మరి వాళ్లు ఎవరి చూపుల కోసం తడుస్తున్నారో ఆ మెసేజ్ రాసినాయనే చెప్పాలి. నాకు తెలిసిన స్పోర్ట్స్ కారు వాళ్లలో ఎక్కువమంది బండి తీసేది ఆదివారం తెల్లారకముందు, చూడటానికి ఎవరూ ఉండని టైములో, ఎందుకంటే అప్పుడే రోడ్డు ఖాళీగా ఉంటుంది, వాళ్లకి కావలసింది రోడ్డు.

ఇక రెండో మాట, వాడలేని స్పీడు. అసలు సంగతంతా ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త ఓపిగ్గా వినండి. స్పోర్ట్స్ కారు అనగానే 300 కిలోమీటర్ల టాప్ స్పీడు గుర్తొచ్చే వాళ్లకి ఒకటి చెప్పాలి, మా ఆనందం ఆ నంబర్లో లేదు. మా ఇంటికొచ్చే దారిలో ఒక మలుపు ఉంది, దిగుడులో ఉంటుంది, కుడికి తిరిగి సగంలో ఇంకాస్త బిగుస్తుంది. అక్కడ లిమిట్ 50, నేను వెళ్లేదీ ఆ లోపే. మలుపు ముందు బ్రేక్ మీద కాలు పడగానే కారు ముక్కు కొంచెం వంగుతుంది, అంటే బరువు ముందు టైర్ల మీదకి వచ్చింది, వాటికి పట్టు పెరిగింది. అప్పుడు కుడి కాలి ముందు భాగం బ్రేక్ మీదే ఉంచి, ఎడమ కాలితో క్లచ్ తొక్కి, కుడి పాదం అంచుతో యాక్సిలరేటర్ని ఒక్కసారి తట్టి, థర్డ్ నుంచి సెకండ్‌కి వేయాలి. దీన్నే హీల్ అండ్ టో అంటారు. ఇంజిన్ తిరిగే వేగం చక్రాల వేగంతో సరిగ్గా కలిస్తే గేరు చేతిలోంచి జారినట్టు పడుతుంది, కారులో ఆవగింజంత కుదుపు ఉండదు, కలవకపోతే బండి ఒక్క ఉదుటున వెనక్కి లాగి నా తప్పు నాకే చెప్తుంది. నాకు అది సరిగ్గా రావటానికి ఎనిమిది నెలలు పట్టింది. ఇప్పటికీ పదిసార్లలో రెండుసార్లు తేడా కొడుతుంది, అందుకే పదకొండేళ్లయినా ఆ మలుపు నాకు పాతబడలేదు.

గేరు పడ్డాక బ్రేక్‌ని మెల్లగా వదులుతూ స్టీరింగ్ తిప్పుతుంటే చేతుల్లో బరువు పెరుగుతూ వస్తుంది. నేల తడిగా ఉన్న రోజున ఒక్కోసారి ఆ బరువు ఉన్నట్టుండి కాస్త తేలికవుతుంది. ఆ తేలికే ముందు టైర్లు "ఇంక మా వల్ల కాదు" అని చెప్పే మాట. మలుపులో టైరు పట్టు సరిగ్గా టైరు మధ్యలో కాకుండా కొద్దిగా వెనక పడుతుంది, అందుకే అది స్టీరింగ్‌ని మళ్లీ తిన్నగా చేయాలని చూస్తుంది, మన చేతికి బరువుగా తెలిసేది అదే. పట్టు చివరికొచ్చేసరికి ఆ బలం ముందుకి జరిగిపోతుంది, చెయ్యి తేలికవుతుంది. నాలుగు టైర్లూ నేలకి తగిలేది తలా ఒక అరచెయ్యంత చోటే, ఆ నాలుగు అరచేతుల కబురు వేళ్ల దాకా రావాలంటే స్టీరింగ్, సస్పెన్షన్, సీటు అన్నీ ఆ పని కోసమే కట్టి ఉండాలి. స్పోర్ట్స్ కారుకి మనం డబ్బు పెట్టేది ఆ కబురు కోసం, స్పీడు కోసం కాదు.

ఇది నా ఒక్కడి పైత్యం అనుకోకండి, కార్లు చేసేవాళ్లే ఒప్పుకున్న సంగతి. 2012లో టొయోటా 86 వచ్చినప్పుడు చీఫ్ ఇంజినీర్ టెట్సుయా టాడా టీమ్ దానికి పవర్ పెంచే టర్బో పెట్టలేదు, 200 హార్స్‌పవర్ దగ్గరే ఆపేసింది, పైగా పెట్రోల్ ఆదా కోసం చేసిన ప్రియస్ హైబ్రిడ్‌కి వేసే రకం సన్నటి టైర్లు వేసి అమ్మింది. ఎందుకంటే పట్టు మరీ ఎక్కువైతే కారు కాస్త జారుతూ ఆడటం మొదలుపెట్టే వేగం కూడా ఎక్కడికో వెళ్లిపోతుంది, మామూలు మనిషికి మామూలు వేగంలోనే కారు మాట్లాడాలంటే పట్టు కాస్త తగ్గాలి. లోటస్ పెట్టిన కాలిన్ చాప్‌మన్ జీవితాంతం నమ్మింది కూడా పవర్ పెంచటం కన్నా బరువు తగ్గించటాన్నే. 1996 లోటస్ ఎలీజ్ బరువు 725 కిలోల దగ్గర, ఇంజిన్ మాత్రం మామూలు రోవర్ కార్లలో వేసే 1.8 లీటర్ల రకమే. మియాటా చేసినవాళ్లు జపాన్ భాషలో జిన్బా ఇట్టాయ్ అనే మాట పట్టుకున్నారు, అంటే గుర్రం, రౌతు ఒకటైపోవటం. వీటిలో ఎక్కడా టాప్ స్పీడు ఊసే లేదు చూడండి.

రెండు సీట్ల మాట తొందరగా తేల్చేస్తా. అవును, రెండే సీట్లు. అవును, పెద్ద సూట్‌కేసు పట్టదు. సైకిల్ మీద బీరువా తేలేం కదా అని సైకిల్ పనికిరాదంటామా? ఏ పనికి చేశారో ఆ పనికి పనికొస్తే చాలు. కుటుంబం మొత్తం వెళ్లాలంటే ఇంట్లో ఇంకో కారో, బస్సో, రైలో ఉంటుంది. అయినా ఐదు సీట్ల పెద్ద కారులో రోజూ ఒక్కళ్లే కూర్చుని ఆఫీసుకి వెళ్లేవాళ్లని ఎవరూ ఇలా నిలదీయరు. పెట్రోల్ మాటకొస్తే, తగలబడేది తగలబడేదే, దానికి నేను సాకు చెప్పను, కానీ వెయ్యి కిలోల చిన్న కారు రెండు వేల కిలోల ఎస్‌యూవీ కన్నా తక్కువే తాగుతుంది.

నడివయసు పిచ్చి, మగాళ్ల పిచ్చి అన్నది మాత్రం నాకు నిజంగా బాధనిపించింది. మిడ్‌లైఫ్ క్రైసిస్, అంటే నడివయసు సంక్షోభం, అనే మాటని ఎలియట్ జాక్స్ అనే మానసిక విశ్లేషకుడు 1965లో వాడుకలోకి తెచ్చారు, అది మనిషికి చావు గుర్తొచ్చి లోపల జరిగే మథనం గురించి, కారు కొనటం గురించి కాదు. యాభై ఏళ్లకి స్పోర్ట్స్ కారు కొనే మనిషి సంగతి చాలాసార్లు ఇంకా సూటిగా ఉంటుంది. ఇరవై ఏళ్లప్పుడు గోడకి పోస్టర్ అంటించుకున్నాడు, తర్వాత లోన్లు, పిల్లల ఫీజులు, అమ్మానాన్నల మందులు అన్నీ తీర్చుకుంటూ వచ్చాడు, ఇప్పుడు చేతిలో కాస్త మిగిలింది, కొనుక్కున్నాడు. ముప్పై ఏళ్లు ఓపిక పట్టినవాడిని పిచ్చోడంటే ఎలా అండి, ఆ ఓపికకి దండం పెట్టాలి గానీ.

మగాళ్ల వ్యవహారం అన్నవాళ్లకి ఫ్రాన్స్ ర్యాలీ డ్రైవర్ మిషెల్ మూటోన్ పేరు చెప్తా. 1981లో సాన్‌రెమో ర్యాలీ గెలిచింది, ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో ఒక రౌండ్ గెలిచిన మొదటి మహిళ ఆవిడే, తర్వాతి ఏడాది ఆడి క్వాట్రోలో ఇంకో మూడు గెలిచి ఛాంపియన్‌షిప్‌లో రెండో స్థానంలో నిలిచింది. జర్మనీలో నూర్బర్గ్‌రింగ్ అని 20.8 కిలోమీటర్ల పాత సర్క్యూట్ ఉంది, 1927లో తెరిచారు, అక్కడ 1996లో, 1997లో 24 గంటల రేసు గెలిచిన టీముల్లో సబీన్ ష్మిట్జ్ అనే జర్మన్ మహిళా రేసర్ ఉంది, జనాన్ని పక్కన కూర్చోబెట్టుకుని అదే సర్క్యూట్ చుట్టూ టాక్సీలా తిప్పేది కూడా. మా డ్రైవింగ్ గ్రూపులో అందరికన్నా నున్నగా గేరు వేసేది ఒక టీచరమ్మ, ఆవిడ పక్కన కూర్చుంటే గేరు ఎప్పుడు మారిందో ఇంజిన్ శబ్దంలో తెలియాలి తప్ప ఒంటికి తెలియదు.

ప్రమాదం అన్న మాటతో మాత్రం నేను వాదించను, సగం ఒప్పుకుంటా. వేగం రెండింతలైతే కారులో ఉన్న శక్తి నాలుగింతలు అవుతుంది, 60లో గుద్దటానికీ 120లో గుద్దటానికీ ఉన్న తేడా రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. జనం తిరిగే రోడ్డు మీద రేసులు పెట్టేవాడు ఏ కారులో ఉన్నా తప్పే, వాడిని వెనకేసుకొచ్చే పని నేను ఎప్పటికీ చేయను, వాళ్ల వల్ల పోయిన ప్రాణాలకి ఎవరూ బదులు చెప్పలేరు. కానీ "నడిపేవాళ్లంతా" అన్నారే, ఆ "అంతా" దగ్గర ఆగండి. వేగం కావాలనుకునేవాళ్లకి ట్రాక్ డేలు ఉన్నాయి, అంటే మామూలువాళ్లు తమ కారుని రేసు ట్రాక్ మీద నడుపుకునే రోజులు, హెల్మెట్ పెట్టుకుని, ఎదురుగా వచ్చే బండి లేని చోట, పక్కన నేర్పేవాళ్లతో. నేను మొదటిసారి వెళ్లినప్పుడు పొద్దున్నంతా నాతో చేయించింది ఒకటే పని, నిండు వేగంలో ఒక్కసారిగా బ్రేక్ తొక్కి కోన్ ముందు ఆగటం. నేను బ్రేక్ గట్టిగా తొక్కుతున్నాననే అనుకునేవాణ్ణి, నేర్పేవాయన "ఇంకా, ఇంకా" అని అరిస్తే గానీ చక్రాలు బిగిసిపోకుండా చూసే ఏబీఎస్ కాలి కింద టకటకా కొట్టుకోవటం ఎలా ఉంటుందో నాకు తెలియలేదు, అప్పటికే ఇరవై ఏళ్లుగా కార్లు నడుపుతున్న మనిషిని. ఆ పొద్దున తర్వాత రోడ్డు మీద ముందు బండికి నేను వదిలే దూరం పెరిగింది, ఎందుకంటే ఆగటానికి నిజంగా ఎంత దూరం పడుతుందో కళ్లారా చూశా.

చివరిగా ఎలక్ట్రిక్. ఎలక్ట్రిక్ కారు తిన్నగా పోయే రోడ్డు మీద ఫాస్ట్ అన్నది నిజమే, ఎలక్ట్రిక్ మోటార్ ఆగి ఉన్నచోటి నుంచే పూర్తి టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, ఇస్తుంది, నా పాత కారు ఎలక్ట్రిక్ ఫ్యామిలీ కారు పక్కన సిగ్నల్ దగ్గర నిలబడితే వెనకబడిపోతుంది. దానికి నాకేం బాధ లేదు. కానీ ఫాస్ట్‌గా ఉంటే చాలు అన్నదే నిజమైతే హ్యుందాయ్ వాళ్లు 2023లో ఐయోనిక్ 5 ఎన్ అనే ఎలక్ట్రిక్ కారు తెచ్చి అందులో లేని గేర్లు ఎందుకు పెట్టారు? ఆ కారుకి 640 పైన హార్స్‌పవర్, గేర్‌బాక్స్ అవసరమే లేదు, అయినా ఎనిమిది గేర్లు ఉన్నట్టు కుదుపులు ఇచ్చే సాఫ్ట్‌వేర్, ఇంజిన్ లాంటి శబ్దం కూర్చోబెట్టారు. నడిపేవాళ్లకి ఏది కొరత అవుతుందో ఆ ఇంజినీర్లకి బాగా తెలుసు, వేగం ఒక్కటే చాలదని వాళ్లే చేసి చూపించారు.

ఇంకొకటి, ఎలక్ట్రిక్ వచ్చి స్పోర్ట్స్ కారుని పాతది చేసేసింది అంటున్నారు గానీ, టెస్లా అమ్మిన మొట్టమొదటి కారే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. 2008 రోడ్‌స్టర్ అది, ఇందాక చెప్పిన లోటస్ ఎలీజ్ ఆధారంగానే కట్టారు. కాబట్టి నాకు కరెంటుతో తగువు లేదు, నా తగువు బరువుతోనే. బ్యాటరీల బరువుతో ఐయోనిక్ 5 ఎన్ రెండు టన్నులు దాటుతుంది, అంత బరువుని ఆ దిగుడు మలుపులో ఎన్ని సాఫ్ట్‌వేర్లు మోసినా, ఆ నాలుగు అరచేతుల మీదే కదా పడేది. వెయ్యి కిలోల లోపు, రెండు సీట్లు, చేతికి రోడ్డు తెలిసే స్టీరింగ్ ఉన్న ఎలక్ట్రిక్ కారు ఎవరైనా చేసి అమ్మితే, శబ్దం లేకపోయినా గేర్లు లేకపోయినా సరే, బుకింగ్ మొదలైన రోజే డబ్బు కడతా, బావగారికి ఆ మాటే రాసి పంపించా.