2062 కాదు, 2061

హేలీ తోకచుక్క 76 ఏళ్లకోసారి వస్తుంది కాబట్టి 2062లో కనిపిస్తుందని వ్యాసంలో రాశారు. లెక్క అంత సాఫీగా ఉండదండీ. గురుగ్రహం లాంటివాటి ఆకర్షణ వల్ల ఒక్కో చుట్టుకు ఒకటి రెండేళ్లు అటూ ఇటూ అవుతుంది. ఈసారి సూర్యుడికి దగ్గరగా వచ్చేది 2061 జూలై 28న.

1986 మార్చిలో నాన్న తెల్లవారుజామున లేపి డాబా ఎక్కించారు. తోక ఏదీ? మసకగా దూదిపింజంత మరక! అప్పుడు సూర్యుడి దగ్గరికొచ్చే వేళకు అది మనకు అవతలి వైపు ఉండిపోయింది. 2061లో మనవైపే ఉంటుంది, బాగా మెరుస్తుంది. నాకప్పటికి 83 ఏళ్లు, మెట్లెక్కగలనో లేదో!

అందాకా అది వదిలిన ధూళి మే మొదటివారంలో, అక్టోబరు మూడోవారంలో ఉల్కలుగా రాలుతుంది. తెల్లవారుజామున చూడండి.