కరివేపాకు లెక్క

మొన్న సంక్రాంతికి గుంటూరు వెళ్ళినప్పుడు అమ్మ మీద చిన్న ప్రయోగం చేశాను. ఒంటరితనాన్ని కొలవడానికి పరిశోధకులు చాలాచోట్ల వాడే మూడు ప్రశ్నలున్నాయి. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (యూసీఎల్‌ఏ)లో 1978లో తయారైన ఇరవై ప్రశ్నల కొలమానంలోంచి తర్వాత కుదించినవి. వాటిని నాకు చేతనైన తెలుగులో పెట్టి, బ్రాడీపేట ఇంటి వసారాలో చిక్కుళ్ళు తుంచుతున్న అమ్మను అడిగాను.

"తోడు లేదని అప్పుడప్పుడూ అనిపిస్తుందా, తరచూ అనిపిస్తుందా?"

చేతిలో కాయ చేతిలోనే ఆగిపోయింది. "మీ నాన్న పోయి ఏడేళ్ళయింది. ఇప్పుడడుగుతున్నావేంట్రా?"

కబుర్లు చెప్పుకునే మనిషి గురించి అడిగాననుకున్నాను నేను. భర్త పోయినావిడకు 'తోడు' అంటే ఒక్కరే. రెండోది, వెలివేసినట్టు ఉంటుందా? "మనల్నెవరు వెలేస్తారు? ఏం తప్పు చేశామని?" మూడోది, ఒంటరిగా ఉంటోందా? "ఒక్కదాన్నేగా ఉండేది!" మూడింట్లోనూ ఫెయిలైంది నేనే.

కాసేపాగి తనే అంది: "సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడింటిదాకా తోచి చావదు. ఇదివరకు మన చెట్టు కరివేపాకు కోసం లైన్లో వాళ్ళంతా వచ్చేవాళ్ళు. రెండు రెమ్మల కోసం వచ్చి అరగంట కూర్చునేవాళ్ళు. ఇప్పుడది కూడా ఫోన్లో నొక్కితే గుమ్మంలోకొస్తోందిగా."

పెద్దవాళ్ళ నస అని కొట్టిపారేయకండి. 148 అధ్యయనాల్లోని మూడు లక్షలమందికి పైగా మనుషుల వివరాలు కలిపి 2010లో లెక్క తీస్తే, నలుగురితో గట్టి సంబంధాలున్నవాళ్ళు బతికుండే అవకాశం 50 శాతం ఎక్కువని తేలింది. మన దేశంలోనూ ముంబైలోని జనాభా అధ్యయన సంస్థ, హార్వర్డ్, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు కలిసి 2017-18లో 72 వేలమందికి పైగా జనంతో మాట్లాడాయి, ఎక్కువమంది 45 దాటినవాళ్ళే. అంత పెద్ద లెక్కలు కావలసిందే. నా పేచీ ఒక్కటే. ఉమ్మడి పరిశోధన అంటే విశ్వవిద్యాలయాలు చేతులు కలపడంతో సరిపోదు, జవాబు చెప్పాల్సిన మనిషికి ప్రశ్న రాసేటప్పుడే పీట వేయాలి.

దానికి విదేశాల్లో ఉన్న మన తెలుగు సంఘం మహాసభల్లో ఒక పూట భోజనాల ఖర్చు చాలు. గుంటూరు, విజయవాడల్లో సైకాలజీ చదివే పిల్లలు పెద్దవాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళ మాటల్లోనే ప్రశ్నలు రాసుకోవచ్చు. వాటిని ఆ కొలమానం పక్కన పెట్టి సరిచూసే పని ఇక్కడున్న మన డాక్టర్లు, ప్రొఫెసర్లు చూసుకుంటారు. (ఇంటి ముందు సీసీ కెమెరా పెట్టించి అమ్మను చూసుకుంటున్నామనుకునే మనకు ఇదేమంత భారం కాదు. నేనూ పెట్టించాను.)

అమ్మ అప్పుడే రెండు ప్రశ్నలు రాయించింది. "ఈ వారం చెప్పాపెట్టకుండా మీ ఇంటికెవరైనా వచ్చారా?" అన్నది మొదటిది. "మీ పిల్లలు ఫోన్ చేస్తే బీపీ, మాత్రలు కాకుండా ఇంకేమైనా అడుగుతారా?" అన్నది రెండోది. అది ఎవరికి తగలాలని రాయించిందో వేరే చెప్పక్కర్లేదు.

మొదటి సమావేశానికి వసారా ఇస్తానంది. నాలుగున్నరకే రావాలట. కాఫీలు మాత్రం వచ్చినవాళ్ళే కలుపుకోవాలట.