మొలలేనని సరిపెట్టుకుంటే...

మలంలో నెత్తురు కనిపిస్తే మొలలు, పొట్ట ఉబ్బరిస్తే గ్యాస్, ఛాతీలో మంటైతే ఎసిడిటీ. రోగ నిర్ధారణ ఇంట్లోనే అయిపోతుంది. మందుల దుకాణంలో అడిగినన్ని మాత్రలు దొరుకుతాయి. చాలాసార్లు ఆ ఊహ నిజమే కావచ్చు కూడా. అజీర్తి, మలబద్ధకం, మొలలు ఎంత ఇబ్బంది పెట్టినా ప్రాణం మీదికి తెచ్చేవి కావు. కానీ జీర్ణకోశ క్యాన్సర్లు తొలినాళ్లలో ఈ ముసుగులోనే వస్తాయి. నెలల తరబడి మాత్రలతో నెట్టుకొచ్చిన మనిషి ఆసుపత్రికి చేరేసరికి కణితి పేగు గోడ దాటి కాలేయానికి పాకి ఉంటే, ఆ నేరాన్ని రోగి మీదకు నెట్టడం అన్యాయం. అడగవలసిన ప్రశ్న ఎవరూ అడగలేదు, చేయవలసిన పరీక్ష ఎవరూ చేయలేదు. ఇది వైద్య వ్యవస్థ వైఫల్యమని మేము భావిస్తున్నాం.

2022లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 2 కోట్ల మందికి కొత్తగా క్యాన్సర్ సోకిందనీ, 97 లక్షల మంది దానికి బలయ్యారనీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. ఊపిరితిత్తులు, రొమ్ము క్యాన్సర్ల తరవాత ఎక్కువ మందికి వచ్చేది పెద్దపేగు, పురీషనాళాల క్యాన్సరే. మరణాల్లో దానిది రెండో స్థానం. ఇంత ప్రాణనష్టం కలిగిస్తున్న ఈ జబ్బు, ముందుగా పట్టుకోవడానికి అన్నిటికంటే ఎక్కువ వ్యవధి ఇచ్చే క్యాన్సర్లలో ఒకటి కావడమే బాధాకరం. పేగు లోపలి పొర మీద పాలిప్ అనే చిన్న బుడిపెగా మొదలై, క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ల వరకు పడుతుంది. కెమెరా ఉన్న సన్నని గొట్టంతో పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీలో ఆ బుడిపె కనబడితే వైద్యులు సన్నని తీగ ఉచ్చును దాని మొదలు చుట్టూ బిగించి, అవసరమైతే కరెంటు వేడితో కోసి అక్కడికక్కడే తీసేస్తారు. రోగికి మత్తు ఇస్తారు కాబట్టి నొప్పి తెలియదు. రాబోయే క్యాన్సర్ ఆ కాసేపట్లో ఆగిపోతుంది.

ఏ లక్షణాన్ని ఉపేక్షించకూడదో ఇంటింటా తెలియాలి. మొలల్లో నెత్తురు సాధారణంగా ఎర్రగా, మలం పైన గానీ చివర్లో చుక్కలుగా గానీ పడుతుంది. మలంతో కలిసిపోయి వచ్చినా, మలం తారులా నల్లగా ఉన్నా ఆలస్యం చేయకూడదు. ఎర్రటి నెత్తురైనా మొలలేనని పరీక్షించకుండా తేల్చేయలేం. మొలలు, క్యాన్సర్ రెండూ ఒకే మనిషికి ఉండవచ్చు. విరేచనం అలవాటు వారాల తరబడి మారిపోవడం, వెళ్లొచ్చినా ఇంకా మిగిలినట్టే అనిపించడం, కారణం లేకుండా బరువు తగ్గడం కూడా హెచ్చరికలే. ముందు ఘనాహారం, తరవాత ద్రవాలు కూడా మింగుడు పడకపోతే అన్నవాహికను, నొప్పి లేకుండా కామెర్లు వస్తే క్లోమాన్ని, పిత్తనాళాలను పరీక్షించాలి. పేగు సున్నితత్వం వల్ల వచ్చే కడుపునొప్పి సాధారణంగా నిద్రలోంచి లేపదు, బరువు తగ్గించదు, నెత్తురు రానివ్వదు. ఈ తేడా తెలిస్తే అనవసర భయం కూడా తగ్గుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా దాటిపోయేది రక్తహీనత. పెద్దపేగు కుడి భాగంలో కణితి ఉంటే నెత్తురు కంటికి కనబడకుండా కొద్దికొద్దిగా పోతుంది. మెట్లెక్కితే ఆయాసం, ఊరికే నీరసం. పరీక్షిస్తే ఐరన్ తక్కువ. ఐరన్ మాత్రలు రాసి పంపేస్తారు. పురుషుల్లో, నెలసరి ఆగిపోయిన స్త్రీలలో ఐరన్ లోపం బయటపడితే, ఆ నెత్తురు ఎటు పోతోందో వెతకకుండా మాత్రలతో సరిపెట్టడం వైద్యం అనిపించుకోదు.

ఒమెప్రజోల్ వంటి ఆమ్లం తగ్గించే మాత్రల సంగతీ అంతే. చీటీ లేకుండా కొని వాడేవారికి 14 రోజుల గడువు చాలు. అవి జీర్ణాశయ క్యాన్సర్ లక్షణాలను కూడా కొంతకాలం అణచి ఉంచగలవు. ఏళ్ల తరబడి వాడుతున్నవారిని గొంతులోంచి కెమెరా గొట్టంతో జీర్ణాశయాన్ని చూసే ఎండోస్కోపీ అవసరమా అని ఒక్కరైనా అడగాలి కదా!

కారణాల్లో చాలావాటిని మనం అడ్డుకోగలం. అల్సర్లకు ఒత్తిడే కారణమని నమ్మిన రోజుల్లో, 1984లో, ఆస్ట్రేలియా వైద్యుడు బారీ మార్షల్ హెలికోబ్యాక్టర్ పైలోరి బ్యాక్టీరియాను తానే తాగి జబ్బు తెచ్చుకుని చూపించారు. 2005లో సహ పరిశోధకుడు రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు. ఆ బ్యాక్టీరియాయే జీర్ణాశయ క్యాన్సర్‌కు ప్రధాన కారకం. శ్వాస లేదా మలం పరీక్షతో దాన్ని గుర్తించి, సాధారణంగా రెండు వారాల యాంటీబయాటిక్స్‌తో వదిలించవచ్చు. కాలేయ క్యాన్సర్‌కు దారితీసే హెపటైటిస్-బికి టీకా ఉంది, హెపటైటిస్-సి మాత్రలతో నయమవుతుంది. పొగాకు, మద్యం, స్థూలకాయం, శుద్ధి చేసి నిల్వ ఉంచిన మాంసం ముప్పును పెంచుతాయి. ఇవేవీ లేకున్నా, వంశపారంపర్యంగా వచ్చేవారూ ఉంటారు. కాబట్టి రోగిని అలవాట్ల పేరుతో నిలదీయడం తగదు.

చికిత్స ఎంత ముందుకెళ్లినా కాలయాపనను పూరించలేదు. పెద్దపేగు క్యాన్సర్‌ను తొలి దశలో శస్త్రచికిత్సతో తీసేస్తే పదిమందిలో సుమారు తొమ్మిది మంది అయిదేళ్లు దాటి బతుకుతారు. దూరపు అవయవాలకు పాకాక ఆ సంఖ్య రెండుకు లోపే. కీమోథెరపీ, రేడియేషన్, కొందరికి రోగనిరోధక శక్తిని క్యాన్సర్‌పైకి మళ్లించే ఇమ్యునోథెరపీ ఆయుష్షు పెంచుతున్నాయి, నిజమే. కానీ తొలి దశలో దొరికితే చాలామందికి వాటి అవసరమే రాదు.

నెత్తురు పోతోందని వచ్చిన ప్రతి రోగికీ తొలి వైద్యుడే చేతివేలితో పురీషనాళ పరీక్ష చేయాలి. నిమిషమైనా పట్టని ఆ పరీక్షను సిగ్గు పేరుతో ఇరువర్గాలూ దాటేస్తున్నాయి. రోగి మొహమాటపడితే సర్దిచెప్పవలసింది వైద్యుడే. మలంలో దాగిన రక్తాన్ని పట్టే పరీక్ష నమూనాను ఇంట్లోనే తీసుకోవచ్చు. దాన్ని 45 ఏళ్లు దాటిన అందరికీ ప్రభుత్వాలు ఉచితంగా అందించాలి. లక్షణాలు లేనివారికీ ముందస్తుగా చేసే ఈ పరీక్షల (స్క్రీనింగ్) ప్రారంభ వయసును అమెరికా నిపుణుల బృందం 50 నుంచి 45కు తగ్గించింది 2021లో. దగ్గరి బంధువుల్లో ఈ క్యాన్సర్ ఉన్నవారికి ఇంకా ముందే మొదలుపెట్టాలి. మలం పరీక్షలో రక్తం ఉన్నట్టు తేలినవారికి కొలనోస్కోపీ తేదీ అదే చీటీ మీద రాసి ఇవ్వాలి.